పాస్‌పోర్టు ఏకిన మీరావలి

బయమ్మ టీ అంగట్లో బెంచీ మింద కూచున్నాక మీరావలి నోటికి తాళం ఏసే మొగోడు ఆ పల్లెలో ఇంకా పుట్టలా. గార్లదిన్నెకు రెండు మైళ్ల దూరంలో ఉండే ఆ పల్లెలోనే దూది ఏకుతా, పరుపులు కుడతా బతికిన మనిషి. పందొమ్మిదొందల నలభై తొమ్మిదిలో ఎవరి మాటో పట్టుకోని కరాచీకి పోయినాడు. ఆరేండ్లకు పెండ్లాం బిడ్డల మింద బెంగతో తిరిగొచ్చినాడు గానీ, చేతిలో ఉండేది పాకిస్తాన్ పాస్‌పోర్టు. దాంతో పుట్టిన ఊర్లోనే పరదేశి అయిపోయినాడు. ఆ బుక్కు ఎప్పుడూ ఒంటి మింద ఉండాల, వారానికొక తూరి టేసనుకు పోయి సంతకం పెట్టాల, పోలీసోళ్లు ఒప్పుకోనిదే ఊరు దాటకూడదు. ఈ పొద్దు సాయంత్రం తాడిపత్రిలో కూతురు రమీజా నిఖా. ఇంట్లోవాళ్లంతా నిన్ననే పోయినారు. ఈయన కొత్త లుంగీ కట్టుకోని, పదకొండు గంటల బస్సుకు పోతానని అందరికీ చెప్పి కూచున్నాడు. పక్కనున్న చిన్ననాటి స్నేహితుడు ఎర్రన్న ఆ మాట విన్నప్పట్నుంచి బస్సొచ్చే దావ తట్టే చూస్తాండాడు.

"పాస్‌పోర్టు అంట, పాస్‌పోర్టు" అని మొదలుపెట్టినాడు మీరావలి. "పోయిన నెల కానిస్టేబులు దావలో నిలబెట్టి, యాడరా నీ బుక్కు అన్నాడు. మా అమ్మ నన్ను కనేటప్పుడు బుక్కు అడగలేదు నాయనా అంటి. తల దించుకోని పోయినాడు."

"అయినా అన్నా, బయటి దేశమోళ్లు బుక్కు పెట్టుకుంటే తప్పేముంది? ఎవరు ఎవరో తెలియాల గదా" అన్నాడు ఎదురు బెంచీ మింద చెనిక్కాయలు ఒలుచుకుంటాండే సోమప్ప.

"ఎవరికి తెలియాలప్పా? నీ పెండ్లి పరుపు కుట్టింది నేను. నేనెవరో నీకు తెలీదా? ఆ తర్వాత ఏమైందో విను. సర్కిలు ఇన్‌స్పెక్టరు దొర పిలిపించి, బుక్కు ఒంటి మింద లేకుంటే తోలు వలుస్తా అనె. సరే అని ఇంటికొచ్చి, దూది ఏకే విల్లు దించి, పాస్‌పోర్టును దూదిలో ఏసి ఏకితి. బొమ్మ, ముద్ర, సంతకం అన్నీ దూదిపింజెలైపాయ. ఆ దూదితోనే పరుపు కుట్టి దొర ఇంటికి పంపితి. తెల్లారి మళ్లా అడిగె, బుక్కు యాడరా అని. దొరా, రేయంతా దాని మిందనే పండుకుంటివి గదా అంటి."

బయమ్మ నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టేసింది.

"నవ్వుతావేం బయమ్మా, అసలు సంగతి ఇప్పుడు గదా వచ్చేది. పాస్‌పోర్టు మింద పండుకున్నోడు పరదేశి కాకుండా పోతాడా? దొర లేచేసరికి పరదేశి. సొంత టేసనుకు పోతే సొంత కానిస్టేబులే గడప కాడ ఆపి, బుక్కు యాడ అనె. వారానికొక తూరి తన ముందర తనే నిలబడి సంతకం పెట్టుకోవాల్సి వచ్చె. పెండ్లాం గూడా పర్మిట్టు లేనిదే సంగటి పెట్టనంటాది. ఈ పరుపు సంగతేందో చూస్తామని డిప్టీ కలెక్టరు వచ్చి కూచునె, ఆయనా పరదేశే. తాసిల్దారు అట్ల ఒరిగె, ఆయనా అంతే. జిల్లాలో కచేరీలన్నీ మూతబడె. వానలు గూడా వచ్చి మడకశిర పొలిమేర కాడ నిలబడిపాయ, బుక్కు లేనిదే లోపలికి రానీరంట."

"అయితే ఈ కరువు నీ వల్లనేనా అన్నా" అన్నాడు సోమప్ప.

"నా వల్ల కాదప్పా, ఆ బుక్కు వల్ల. ఆకరికి ఢిల్లీ నుంచి మంత్రులు ఇమానం దిగి, మీరావలీ, నీ కాళ్లు మొక్కుతాం, దూదిని మళ్లా బుక్కు చెయ్యి అనిరి. మొక్కండి అంటి. పుట్టిన మట్టిలో నడిచేదానికి మనిషి కాగితం మోయాల్సిన పన్లేదని రాసిచ్చేదాకా విల్లు ముట్టనంటి. రాసిచ్చినారు. అందుకే ఈ పొద్దు దర్జాగా నా బిడ్డ నిఖాకు పోతాండా."

అంగడి ముందర దుమ్ము లేచింది. బస్సు వస్తాండాది. ఎర్రన్న ఇంక పట్టలేకపోయినాడు. కోతలు కోసి కోసి ఈ మనిషి నిజంగానే బస్సెక్కితే, దావలో పట్టుకోని దేశం దాటించినా అడిగే దిక్కుండదు.

"చాల్లే మీరావలీ" అన్నాడు. "మేక పోయిందని చెప్పేదానికి పొద్దున టేసను కాడికి నేనూ వచ్చింటి. ఊరు దాటితే ఈ తూరి సరిహద్దు దాటిస్తామని రైటరు చెప్తే, నువ్వు చేతులు కట్టుకోని తల ఊపితివి. నేను చూస్తి."

సోమప్ప ఒలిచేది ఆపేసినాడు. మీరావలి ఎవరి మొగమూ చూడలేదు. చెయ్యి దానంతట అదే లుంగీ మడత కాడికి పోయింది. ఆడ బుక్కు గుడ్డలో చుట్టి భద్రంగా ఉండాది.

"ఊపినా" అన్నాడు. "ఆ మనిషి ముందర నిలబడితే నోరు ఎండిపాయ."

బస్సు వచ్చి నిలిచింది. కండక్టరు తలుపు తీసినాడు. మీరావలి లేచి లుంగీ సర్దుకున్నాడు.

"ఊపింది తలకాయ ఎర్రన్నా. కాళ్లు ఏం ఒప్పుకోలా."

పోయి బస్సెక్కినాడు. ఎర్రన్న తువ్వాలు దులిపి భుజాన ఏసుకోని, ఆయన వెనకాలే ఎక్కి పక్కన కూచున్నాడు.