తెరవని తలుపు

ఏమే, నిన్న టీవీలో ఆ పాత మూగసినిమా చూశావా? నవ్వొచ్చిందా? ఎక్కడ, తలుపు దగ్గరేగా? నాకు తెలుసులే, అందరూ అక్కడే నవ్వుతారు. ఆ దాల్చినచెక్క రొట్టె తీసుకో, ఊరికే చూస్తావేం. అది తీసిన మా డైరెక్టరు హాల్వార్ ఉన్నాడే, మహా విచిత్రమైన మనిషి. మిగతావాళ్లు నవ్వించాలంటే పడేవాళ్లు, దొర్లేవాళ్లు, మొహాలు వంకర్లు తిప్పేవాళ్లు. ఈయనకవేవీ గిట్టవు. మొగుడూ పెళ్లాం గదిలో కొట్టుకుంటున్నారనుకో, గది చూపించడు. మూసిన తలుపు చూపిస్తాడు, బయట కాఫీ పళ్లెంతో బిక్కమొహం వేసుకున్న పనిమనిషిని చూపిస్తాడు. అంతే, హాలంతా గొల్లు! "లోపలేముందో జనం నాకంటే బాగా ఊహించుకుంటారు తెక్లా" అనేవాడు నాతో. నేనక్కడ స్టాక్‌హోమ్ పక్కన లిడింగో స్టూడియోలో వేషాల బట్టలు కుట్టేదాన్నిలే. ఆ చలికి సూది పట్టుకుంటే వేళ్లు... ఏం చెబుతున్నా? ఆఁ, తలుపు.

ఇంట్లోనూ అంతే ఆ మహానుభావుడు, నోరు విప్పడు. పెళ్లాం గున్‌బోర్గ్ ఆయన సినిమాల్లో హీరోయినే. ఆవిడంటే ఎంత ప్రేమో! చెప్పొచ్చుగా? చెప్పడు. "తెర మీదే కాదు తెక్లా, మా కాపురం కూడా మూగదే, ఇంక నావల్ల కాదు" అని ఆ తలుపు సీను తీసే రోజు పొద్దున నా దగ్గర ఏడ్చింది. కోటు తెచ్చి సెట్టు వెనక పెట్టమంది, పెట్టాను. సీనేంటంటే, మొగుడి మీద అలిగి గదిలోకెళ్లి తలుపేసుకోవాలి, కాసేపటికి బయటికి రావాలి. వెళ్లింది. సెట్టు తలుపు వెనక గదెక్కడిది, నాలుగు చెక్కలేగా! కోటు తొడుక్కుని అటునుంచటే ఉప్సాలాలో అమ్మ దగ్గరికి రైలెక్కేసింది. ఇటు ఈయన "తిప్పు, తిప్పు" అంటాడు. కెమెరామన్ ఏనార్ చేత్తో కెమెరా పిడి తిప్పుతూనే ఉన్నాడు. మేమంతా ఇదీ ఆయన తీరే కాబోలనుకున్నాం. ఫిల్ము అయిపోయినా ఆయన కళ్లు తలుపు మీంచి కదల్లేదే!

ఆ మూసిన తలుపుతోనే సినిమా ముగించేశాడు. "అంత తలుపేంటయ్యా, కత్తిరించెయ్" అని ప్రొడ్యూసరు నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఈయన వింటేగా! స్టాక్‌హోమ్‌లో మొదటి ఆట, జనం పొట్టలు పట్టుకుని ఒకటే నవ్వు. ఆట అయ్యాక వెనక వరసలోంచి ఎవరు లేచారనుకున్నావ్? గున్‌బోర్గ్! తిన్నగా ఆయన దగ్గరికొచ్చి, "అంతసేపు ఉత్త తలుపెందుకు పెట్టావ్?" అని నిలదీసింది. ఆయన చేతిలో టోపీ నలుపుతూ, "నువ్వు తెరుస్తావేమోనని" అన్నాడు. "ఈ ముక్క ముందే నోటితో చెప్పి చావొచ్చుగా!" అంది ఆవిడ, వెక్కి వెక్కి ఏడుస్తూ.

తర్వాతా? తర్వాతేముంది, ఇంటికెళ్లి తలుపేసుకున్నారు. కాఫీ తాగవే, చల్లారిపోతోంది.