ఆఖరి తలుపు అవతల

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సిద్దిపేటలో బస్సు కదలడం లేదు, ఆఫీసు తెరుచుకోవడం లేదు. ఆ రోజు కరీంనగర్ పోయే రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. అంటే నడిరోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకొని, అక్కడే కూర్చొని తినడం. అన్నం ఉడికేదాకా ఎవరికీ పని లేదు. పని లేని జనం మధ్య అర్షద్ ఉన్నాడంటే ఇక చెప్పేదేముంది? అతనికి సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. అతని నోటికి మాత్రం ఏనాడూ రిపేరు రాలేదు.

బస్సు కండక్టరు భిక్షపతి అతని ఎదురుగా తారు రోడ్డు మీద చతికిలబడ్డాడు. పొయ్యి దగ్గర బుచ్చవ్వ ఉంది. ఆమె పక్కన అర్షద్ భార్య నుస్రత్ ఉల్లిగడ్డలు కోస్తోంది. మున్సిపల్ ఆఫీసులో పనిచేసే ప్రశాంతి చేట ముందేసుకొని రెండో వాయి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మాట కదిపింది ఆమే.

“అర్షదన్నా, మొన్న ఆదివారం గా పాత కంప్యూటర్ గుహ ఆట మళ్ళ ఆడినవంట గద? ఆఖరి తలుపు తీసినవంట. భిక్షపతన్న చెప్పిండు. నిజమేనా?”

“నిజమేనా అని నువ్వే అడిగితె ఎట్ల చెల్లె? అప్పట్ల నా పక్క కుర్చీల కూసొని ఆడినదానివి! ఇనున్రి, అందరు ఇనున్రి. గిప్పటి పోరగాండ్లకు ఆటంటే బొమ్మలు ఉరకాలె, తుపాకులు పేలాలె. మా ఆటల బొమ్మే లేదు. నల్ల తెర, దాని మీద పచ్చటి ఇంగ్లీషు అచ్చరాలు, గంతే. మెదక్ రోడ్డుల మేడ మీద ఓ కంప్యూటర్ సెంటర్ ఉండె. చెప్పులు కింద ఇడిచి పోవాలె, చల్లటి అర్రల కంప్యూటర్ దేవుని లెక్క కూసుండేది. పాఠం అయిపోయినంక సారు ఇంత పెద్ద ఫ్లాపీ పెట్టేటోడు. నువ్వు గుహ ముంగట నిలవడ్డవ్, చీకటున్నది, ఏం చేస్తవ్ అని అడిగేది. మనం కీబోర్డు మీద రెండు ముక్కలు కొట్టాలె. దీపం తీసుకో. ఉత్తరం దిక్కు పో. ఏది కొడితె గది అయితుండె.”

“గంతేనా?” అన్నాడు భిక్షపతి.

“గంతేనా అంటవా? మొదటి తలుపు కాడనే సారు వారం రోజులు ఆగిండు. తెరువు, తెరువు అని కొడ్తనే ఉండె. నేనేం కొట్టిన్నో ఎర్కేనా? తట్టు అని కొట్టిన. పరాయి ఇంటికి పోతె తలుపు తట్టకుంట పోతమా? గట్ల కొట్టిన్నో లేదో తెరుచుకున్నది!”

“గది మాత్రం నిజమే,” అంది ప్రశాంతి. “తట్టుమన్నది అర్షదన్ననే. ఆ తర్వాత ఇద్దరం గలిసి పోయి పోయి ఆఖరి తలుపు కాడ ఆగినం. తెల్లారి పోతె సెంటర్‌కు తాళం ఉన్నది. సారు పట్నం పోయిండు.” ఆమె చేటలో వేలు అటూ ఇటూ తిప్పింది. “ఇన్నేండ్లయింది. పెండ్లయింది, నౌకరొచ్చింది, పిల్లలైన్రు. గిన్నెలు తోముతుంటె ఎందుకో యాదికొస్తది, గా తలుపు అవతల ఏముండెనో అని. నాకు గదొక్కటి తెల్వాలె అన్నా.”

“చెప్తనే ఉన్న గద! సారు గా రాత్రే పోతా పోతా గా ఫ్లాపీ నా చేతిలనే పెట్టిండు. దస్తీల మూటగట్టి దాచిన. గిదిగో, పనిముట్ల సంచిలనే ఉంటది, పానం లెక్క.” అర్షద్ భుజానికున్న సంచిని తట్టాడు. “మొన్న ఆదివారం పొద్దుగాల పాత కంప్యూటర్ దుమ్ము దులిపి ఫ్లాపీ పెట్టిన. తెర మీద మొదటి మాట ఏమొచ్చిందో ఎర్కేనా? ‘అర్షద్, ఇన్నేండ్లు ఏడ పోయినవ్?’ అని వచ్చింది.”

“పేరు వెట్టి అడిగిందా?” భిక్షపతి కళ్ళు పెద్దవయ్యాయి.

“పేరు వెట్టి, గది గూడ తెలుగుల అడిగింది.”

నుస్రత్ ఒకసారి తలెత్తి మొగుణ్ణి చూసింది. మళ్ళీ ఉల్లిగడ్డ మీదికి వంగింది.

“దీపం తీసుకొని లోపలికి పోయిన. చీకటంటె ఇంట్ల ఉండే చీకటనుకున్నరా? తెరల చీకటి పొంగి అర్రలకు ఒలికింది. ట్యూబులైటు గుడ్డిగైంది. కిటికీల నుంచి బయటికి వడ్డది. గల్లీల కోళ్ళు పొద్దుగూకిందనుకొని గూట్లకు పోయినయ్!”

“అవు బిడ్డా,” అంది బుచ్చవ్వ గరిటె ఆపి. “మొన్న ఆదివారం మా కోళ్ళు గూడ జల్ది గూట్లకు పోయినయ్. ఎందుకో అనుకున్న.”

“చూసిన్రా? సాక్ష్యం! ఇగ కొంచెం దూరం పోంగనే వాగు వచ్చింది. నీళ్ళు తాగు అని కొట్టిన. దూప మీద ఉన్ననా, తాగిన తాగిన, ఎంత తాగిన్నో నాకే ఎర్కలే. సాయంత్రం కోమటి చెరువు కట్ట మీదికి పోయి చూస్తె ఏముంది, నీళ్ళు ఓ మెట్టు కిందికి దిగి ఉన్నయ్.”

“దిగినయ్, నేను గూడ చూసిన,” అన్నాడు భిక్షపతి. ఏ రోజు చూశాడో అతన్ని ఎవరూ అడగలేదు.

“ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? అసలు తంటా అప్పుడు మొదలైంది. అర్ర ఎనుక అర్ర, అర్ర ఎనుక అర్ర, అన్ని ఒక్క తీరే ఉంటయ్. ఏదో ఒక వస్తువు పడేసుకుంట పోతెనే వచ్చిన తొవ్వ దొర్కుతది. నా కాడేమున్నది? చింతగింజలు పడేయి అని కొట్టిన. కంప్యూటర్ చింతగింజ ఎన్నడు చూసింది? కొంచెంసేపు గర్రుగర్రుమన్నది, ఆలోచించింది, సరే అన్నది. పడేసుకుంట పోయిన. ఓ అర్రల మక్కజొన్న చేను వాసనొచ్చింది. ఏడికొచ్చిన్నని చూస్తె నంగునూరు! భూమి కింద నంగునూరు. పైన ఎవలో ఎడ్లను అదిలిస్తుండ్రు, నాకు ఇనవడుతుంది. ఇంకా పోయిన. పోంగ పోంగ డోలు చప్పుడు. ఒగ్గు కథోళ్ళ డోలు! కీబోర్డు దిక్కు చూస్తె దాని మీద పచ్చగ పసుపు బండారి రాలి ఉన్నది. కొమురవెల్లి మల్లన్న గుట్ట కిందికి చేరిన.”

బుచ్చవ్వ గరిటె పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. “మల్లన్నా, నా తండ్రీ! గా బండారి దాచినవా కొడుకా?”

“దాయకుంట ఉంటనా అవ్వా? ఇంట్లనే ఉన్నది.”

“ఏడ, నా పసుపు డబ్బలనా?” అంది నుస్రత్.

“ఇగో, మధ్యల మాట్లాడకు. గప్పుడే కరెంటు పోయింది. సింగరేణిల బొగ్గు తవ్వుడు బందు వెట్టిరి, కరెంటు ఏడికెళ్ళొస్తది? ఆట పోయిందనుకున్నరా? తెర ఆరింది గని అచ్చరాలు ఆరలే! తెరల నుంచి లేచి గాలిల నిలవడ్డయ్, మిణుగురు పురుగుల లెక్క. అర్ర నిండ అవే. నేను కొట్టుడు బందు వెట్టి నోటితోని చెప్పుడు మొదలువెట్టిన. ఉత్తరం పో అంటె అచ్చరాలన్ని ఉత్తరం దిక్కు తిరుగుతున్నయ్.”

చుట్టుపక్కల పొయ్యిల దగ్గరివాళ్ళు కూడా జరిగి వచ్చారు.

“మరి రాకాసి?” అంది ప్రశాంతి మెల్లగా. “ఆఖరి తలుపు ముంగట గొడ్డలి పట్టుకొని ఉంటడు. ఆని కాడనే గద మనం ఆగింది.”

“అక్కడికే వస్తున్న. గొడ్డలి పట్టుకొని ఉంటడనుకొని భయపడుకుంట పోయిన. పోతె ఏమున్నది? గొడ్డలి కింద వెట్టి కూసున్నడు. ఏందిరా అంటె సమ్మె అన్నడు.”

“ఆడు గూడనా!” అన్నాడు భిక్షపతి.

“సకల జనులంటె సకల జనులే గద! గబ్బిలాలు ఎగురుడు బందు వెట్టినయ్. పాములు బుస కొడ్తలేవు. అన్ని తొవ్వకు అడ్డం కూసొని రాస్తారోకో. గుహల గూడ పొయ్యిలు వెట్టిన్రు, వంటావార్పు నడుస్తుంది, గీడ నడిచినట్టే! నన్ను కూసోవెట్టి మోదుగాకు ఇస్తార్ల అన్నం వెట్టిన్రు.”

“ఏం కూర?”

“పచ్చిపులుసు. ఉల్లిగడ్డ ఎక్కువ ఏసిన్రు. తిని చెయ్యి కడుక్కొని, అన్నా, నేను సిద్దిపేటోన్ని అని చెప్పిన. గా మాట ఇన్నడో లేదో, రాకాసి లేచి నిలవడ్డడు. ముందుగాల చెప్పొద్దా తమ్మీ అని తొవ్వ ఇడిచిండు. పాములు పక్కకు జరిగినయ్. గబ్బిలాలు రెండు దిక్కుల బారు కట్టినయ్.”

“ఆడు గూడ మనోడే,” అంది బుచ్చవ్వ.

“తలుపు కాడికి పోయిన. నా ఎత్తు గాదు, ఇంటి ఎత్తు గాదు, పైకి చూస్తె కొస కనవడలే. మొదటి తలుపు యాదికొచ్చింది. తట్టిన. లోపట గొళ్ళెం కిర్రుమన్నది. గా చప్పుడు సిద్దిపేట మొత్తం ఇనవడ్డది, బస్టాండ్ల పండుకున్నోళ్ళు లేచి కూసున్నరు. తలుపు కదిలింది. చెల్లె, తెరుచుకున్నది!”

ప్రశాంతి చేట కింద పెట్టేసింది. “అవతల ఏముండె అన్నా?”

అర్షద్ సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

“ఏముండెనా? ఎలుగు. ఎలుగంటె ఎసొంటి ఎలుగు! కోటి ట్యూబులైట్లు ఒక్కపారి... నడుమ బండంత వజ్రం, దాని మీద సింహాసనం, సింహాసనం మీద...”

“గవన్ని గాదన్నా. తెర మీద ఏం రాసి ఉండె? ఆఖరి మాట ఏమొచ్చింది?”

“గది చెప్తె మజా పోతది చెల్లె. నీ కండ్లతోని నువ్వే చూడాలె.”

“అయితె గా ఫ్లాపీ నాకియ్యి. మా ఆఫీసు స్టోర్‌రూంల గసొంటిదే పాత కంప్యూటర్ ఉన్నది. సమ్మె అయిపోయిన రోజు నేనే తీస్త గా తలుపు. రాకాసిని నేను బతిమాలుకుంట.” ఆమె చెయ్యి చాపింది. పంతులమ్మ ముందు బడిపిల్ల చాపినట్టు చాపింది.

అంతమంది ముందు అడిగాక అర్షద్ వెనక్కి పోతాడా? సంచిలోంచి దస్తీ మూట తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

“అజీ, గది ఇప్పకు,” అంది నుస్రత్.

“ఎందుకిప్పొద్దు? అందరు చూడనీ!”

ముడి విప్పాడు. నల్లటి చదరపు అట్ట, మధ్యలో గుండ్రటి కన్నం, దాని కింద సన్నటి సందు. ఆ సందులోంచి అవతలి వైపు పొయ్యి, పొయ్యి మీద గంజు, గంజు పక్కన నోరు తెరుచుకున్న బుచ్చవ్వ కనిపించారు. లోపల ఉండాల్సిన నల్ల బిళ్ళ, ఆటంతా దాగి ఉండే బిళ్ళ, లేదు.

నుస్రత్ కత్తిపీట పక్కకు జరిపింది. “నిరుడు పట్టపగలు గ్రహణం పట్టలే? శుక్రారం, నువ్వు నమాజుకు పోయినవ్. పిల్లలు చూస్తమని ఒక్కటే ఏడ్పు. ఇంట్ల ఎక్స్‌రే దొర్కలే. నల్ల బిళ్ళలకెళ్ళి చూడొచ్చని ఎవలో అన్నరు. కత్తెరతోని అట్ట అంచు కోసి బిళ్ళ తీసిన. గల్లీ మొత్తం దాంతోనే చూసిన్రు, చేతులు మారంగ మారంగ ఎటు పోయిందో పోయింది. అట్టను మళ్ళ ఎట్లున్నదో గట్లనే మూటగట్టిన. నువ్వు ఒక్కనాడన్న ఇప్పితె గద తెల్సేది!” ఆమె మొగుడి వైపు తిరిగింది. “గని నాకొకటి చెప్పు జీ. మొన్న ఆదివారం దేంతోని ఆడినవ్?”

రోడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. బారికేడ్ దగ్గర నిలబడ్డ పోలీసు కూడా టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. “మరి మా కోళ్ళెందుకు జల్ది పోయినట్టు?” అని బుచ్చవ్వ అడుగుతూనే ఉంది. అర్షద్ మాత్రం ఖాళీ అట్టను ఒళ్ళో పెట్టుకొని దానివైపే చూస్తున్నాడు. అతని మొహం చూస్తే ఎవరికైనా జాలేసేది.

నవ్వనిది ప్రశాంతి ఒక్కతే.

“నుస్రత్, గా రోజు మీ డాబ మీద నా చేతికిచ్చింది... గుండ్రంగ, నల్లగ, నడుమ కన్నం... గదేనా?”

“గదే అక్కా.”

ప్రశాంతి అర్షద్ ఒళ్ళోని ఖాళీ అట్టను చూసింది. “అయితె గా తలుపు అవతల నేను చూసిన,” అంది.

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. అర్షద్ తల ఎత్తాడు. ఎవరూ ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగాడు.

“ఎట్లుండె చెల్లె? కోతలు కొయ్యకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

“ముందుగాల అంత చీకటన్నా. మన ఆట మొదలైనట్టే. ఏం కనవడలే. ఇంకింత పైకెత్తిన. గంత చీకట్ల సన్నగ, ఎర్రగ, నెలవంక లెక్క సూర్యుడు. చప్పుడు లేదు. కోళ్ళు గూట్లకు పోయినయ్, గల్లీల ఒక్కలు మాట్లాడుతలేరు. పక్కోళ్ళు అడుగుతుండ్రు, నాకు ఇయ్యబుద్ధి కాలే.”

బుచ్చవ్వ అన్నం దించింది. అందరూ ఇస్తార్ల కోసం లేచారు. భిక్షపతి వచ్చి భుజం తట్టినా అర్షద్ లేవలేదు.

“మళ్ళొక్కపారి చెప్పు చెల్లె,” అన్నాడు.