‘కనుపాప విచ్చుకునే దాకా’: డాక్టర్ పంకజాక్షి గారికి అభినందన

1993 సెప్టెంబరు 6న మన వైద్యశాలలో ట్యూటరుగా చేరి, ఈ నెలాఖరున ఆచార్య పదవి నుంచి విరమిస్తున్న డాక్టర్ పంకజాక్షి గారి గురించి రాసేటప్పుడు, ఆ తేదీ నుంచి వరుసగా చెప్పుకుంటూ రావడం మర్యాద. కానీ ఆమెతో పనిచేసిన వారికి ముందుగా గుర్తొచ్చేది 2012 వేసవిలో ఒక మధ్యాహ్నం, పురుగుమందు వార్డులో కిటికీ పక్క మంచం. ఐరాల నుంచి వచ్చిన గిరి అనే యువరైతు ఆ మంచం మీద కూర్చుని, గాలిలోంచి కనిపించని దారాలు లాగుతున్నాడు.

“ఈ మేకల్ని దించండప్పా, మంచమంతా తొక్కతా ఉండాయి!” అని అరిచాడు. మరుక్షణం గుమ్మం దగ్గర నిలబడిన భార్య కోమలి వైపు వేలు చూపించాడు. “ఇదే! సద్దిలో మందు కలిపింది ఇదే!”

అతని తల్లి ఆనందమ్మ నెత్తి బాదుకుంది. “వింటిరా అబ్బా? నేను సెప్తే నమ్మలే. ఇప్పుడు నా కొడుకే సెప్తా ఉండాడు సూడండి.”

“నేను కలపలే సార్,” అంది కోమలి. “స్ప్రేయరు వీపు మీద కారతా ఉండాదని సెప్పినా. వినలే. సొక్కా తడిసి ముద్దయింది.”

ఆమె మాట ఎవరికీ పట్టలేదు. కానిస్టేబుల్ మునస్వామి గిరి మాటలే రాసుకుంటున్నాడు. గిరి బతకడం అనుమానమే కనుక అదే మరణ వాంగ్మూలం కావచ్చు. రోగి తెలివిలోనే ఉన్నాడని డ్యూటీ డాక్టర్ మునికుమార్ కింద సంతకం పెడితే, సాయంత్రానికి కోమలి హత్యాయత్నం ముద్దాయి. మునికుమార్ అప్పటికే పెన్ను తీశాడు.

ఆ సంతకం పడకముందే పంకజాక్షి గారు వార్డులోకి అడుగుపెట్టారు.

వడమాలపేటలో సైకిల్ షాపు నడిపిన వరదయ్య గారి కుమార్తెగా జన్మించి, ఉపకార వేతనాలతో వైద్య విద్య పూర్తిచేసిన పంకజాక్షి గారు, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలను తమ పరిశోధనాంశంగా ఎంచుకున్నారు. మెదడు అడుగున చిన్న గుంపుగా ఉండే ఆ కణాలు పొడవైన తంతువులు చాచి లోలోపలి వలయాలను ఎలా మేల్కొల్పుతాయో, ఎలా అదుపు చేస్తాయో తెలుసుకోవడానికి ఆమె యౌవనమంతా వెచ్చించారు. ప్రయోగశాలలోనే ఉండిపోయి ఉంటే ఆమెకు పేరు ఇంకా త్వరగా వచ్చేది. అయితే తోటల నుంచి మన వార్డుకు వచ్చే రైతుల ప్రాణం తీస్తున్నదీ అదే రసాయనం. పురుగుమందు దాన్ని కరగనివ్వదు. అది ఒళ్లంతా పోగుపడి, నోట నురగ కట్టి, ఊపిరితిత్తుల్లో నీరు నిండి మనిషి మునిగిపోతాడు. అందుకే ఆమె వార్డుకు వచ్చారు.

ఆనాడు విరుగుడైన అట్రోపిన్‌ను డాక్టర్లు భయపడుతూ చాలీచాలకుండా ఇచ్చేవారు. రోగులు చేతుల్లోనే పోయేవారు. పంకజాక్షి గారు ఆ భయాన్ని ఒక్క వాక్యంతో పోగొట్టారు. “కనుపాప విచ్చుకునే దాకా ఆపొద్దు.” కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరుకూ, ప్రతి నర్సుకూ వార్డులో మొదట అప్పగించే పాఠం అదే అయింది. సిస్టర్ నిస్సీ చాటుగా ఆమెకు ‘కనుపాప మేడమ్’ అని పేరు పెట్టింది. ఒకరోజు వార్డు ఫోను మోగితే నిస్సీ ఎత్తింది. అవతల పంకజాక్షి గారు. “కనుపాపను మాట్లాడతా ఉండా. మూడో మంచం ఎట్లుండాడు?” నిస్సీ వారం రోజులు ఆమె ఎదురుగా రాలేదు. ఆ వాక్యం వల్ల బతికి ఇంటికి వెళ్లినవారు ఈ జిల్లాలో ప్రతి మండలంలోనూ ఉన్నారు.

ఆ మధ్యాహ్నం ఆమె గిరి కనురెప్ప ఎత్తి చూశారు. కనుపాప కంటినంతా మింగేసినట్టుంది. నాలుక కట్టెలా ఎండిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. గుండె మీద స్టెతస్కోపు పెట్టారు, ఊపిరితిత్తుల దగ్గర పెట్టారు. లోపల చుక్క నీరు లేదు.

“ఈ అట్రోపిన్ ఎప్పట్నుంచి ఎక్కతా ఉండాది నిస్సీ?”

“నిన్నట్నుంచి మేడమ్. ఊపిరి నిన్ననే బాగైంది. కనుపాప మాత్రం ఇందాకటి దాకా విచ్చుకోలేదు. అందుకే ఆపలేదు.”

ఆమె తన చేత్తోనే అట్రోపిన్ ఆపేశారు. తర్వాత మంచం అంచున కూర్చున్నారు.

“గిరీ, మంచం మీద ఎన్ని మేకలుండాయి నాయనా?”

“నాలుగు.”

“ఈ పోలీసాయన ఏం చేస్తా ఉండాడు?”

“పాలు పిండతా ఉండాడు.”

“రాసుకో మునస్వామీ,” అన్నారు ఆమె. “సద్ది మాట రాసుకున్నావు గదా, ఇది కూడా రాసుకో.”

మునికుమార్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆనందమ్మ మాత్రం ఊరుకోలేదు. “నా బిడ్డ అబద్ధమాడతాడా తల్లీ?”

“ఆడడు పెద్దమ్మా. మీ ఊళ్లో నీరుగంటి ఉంటాడు గదా, ఏ మడికి నీళ్లు విడవాల్నో, ఏ మడికి కట్టాల్నో చూసేవాడు? మెదడు లోపల అట్టాంటి కణాలుండాయి. పురుగుమందు వాళ్లను మడవ ముయ్యనీకుండా చేసింది. తర్వాత ఎక్కిన విరుగుడు ఎక్కువై, అసలు మడవే తెరవనీకుండా చేసింది. ఇప్పుడు కలేదో నిజమేదో వేరు చేసేవాళ్లు లోపల లేరు. నీ కొడుకు చెప్తా ఉండేది కల.”

మునస్వామి తల గోక్కున్నాడు. “అట్లయితే ఈయనకు ఈ గతి పట్టించిందెవరు మేడమ్? నేను ఎవురి పేరు రాసుకోవాల?”

అప్పటికే సూపరింటెండెంటు గారు వచ్చి ఆమె వెనుక నిలబడి ఉన్నారు. “నర్సు పొరపాటు అనండి, చాలు,” అని మెల్లగా అన్నారు. నిస్సీ ముఖంలో నెత్తురు లేదు. పంకజాక్షి గారు వెనుదిరగకుండానే జవాబు చెప్పారు.

మర్నాటికి గిరికి తెలివి వచ్చింది. కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, “కోమలీ, స్ప్రేయరు యాడుండాది? వాషరు మార్చాల, వీపంతా కారతా ఉండాది.” మునస్వామి అదీ రాసుకున్నాడు. కోమలి పేరు కేసులోకి ఎక్కలేదు. కానీ ఆ సాయంత్రం గిరి దిండు మీంచి మెడ ఎత్తలేకపోయాడు. విషం కండరాలను పట్టుకుంది. మెడ తర్వాత ఛాతీ. వెంటిలేటర్ మీద కొన్నాళ్లు పోరాడి చనిపోయాడు. అత్తాకోడళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, కానీ శవంతో ఒకే వ్యాను ఎక్కారు.

ఆ తర్వాత ఆ వార్డులో పాఠం మారింది. “ఊపిరి తేటపడితే చాలు, తగ్గించి చూడు” అని ఆమే స్వయంగా మార్చి, ప్రతి విడతలోనూ నేర్పుతూ వచ్చారు. ఆ తర్వాత విచారణ జరిగింది. ఆమెకు రావలసిన విభాగాధిపతి స్థానం మరొకరికి దక్కింది. ఇంత విద్వత్తు ఉన్న ఆచార్యులు ఆ కుర్చీలో ఎందుకు కూర్చోలేదని మన యువ వైద్యులు నేటికీ అడుగుతుంటారు. నిస్సీ ఇవాళ అదే వార్డుకు హెడ్ నర్సు. ఆమెను అడిగితే కళ్లు తుడుచుకుంటుందే తప్ప చెప్పదు.

ఇతరుల ఊపిరికి ముప్పై ఏళ్లకు పైగా కాపలా కాసిన పంకజాక్షి గారి ఊపిరి తేటగా, నిద్ర నిశ్చింతగా, తెలివి చివరిదాకా చెక్కుచెదరకుండా ఉండాలని, ఆమె ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు మన మధ్య మెలగాలని మనసారా కోరుకుంటున్నాము. ఎవరి పేరు రాసుకోవాలని మునస్వామి అడిగినప్పుడు, సూపరింటెండెంటు గారు, నిస్సీ, ఆ తల్లి, ఆ భార్య, అందరూ వినేలా ఆమె చెప్పిన జవాబు ఇది.

“కనుపాప విచ్చుకునే దాకా ఆపొద్దని వీళ్లకు నేర్పింది నేను. ఎప్పుడు ఆపాల్నో నేర్పలే. డాక్టర్ పంకజాక్షి. రాసుకో నాయనా.”