ఉప్పెన పాటలో పైడయ్య చావు

నూకాలని ఒకతి ఉండేదంట. మొగుడు ఎర్రయ్య ఎండుచేపలకని బండి కట్టుకుని సముద్రం ఒడ్డుకెళ్ళేడు. ఆ తర్వాత ఏమైందంటే, అక్కడ ఉప్పెనొచ్చిందని కబురు. కబురంటే ఇప్పట్లా కాదర్రా. తంబూరా పట్టుకుని ఒకడు ఊరూరా పాడితే అదే కబురు. వీడేం చేసేవాడంటే, ఊళ్ళోకి రాగానే నూతి దగ్గర ఆడోళ్ళని "మీ ఊరినించి ఒడ్డుకెవరన్నా వెళ్ళేరా తల్లీ?" అని అడిగి, వాళ్ళు చెప్పిన పేరు సాయంత్రం పాటలో పెట్టేసేవాడు. సొంతూరోడు చస్తే ఏడుపెక్కువ, ఏడుపెక్కువైతే చాటలో బియ్యం ఎక్కువ. అలా ఎర్రయ్యనీ ముంచేసేడనుకో. ఊరంతా ఏడ్చింది. ఏడ్చి, మళ్ళీ పాడమంది! ఎర్రయ్య అన్న, అదే నూకాలు బావ, పైడయ్య మాత్రం కళ్ళు తుడుచుకుని, రేపు పొద్దున్నే నూకాలు గాజులు తీయించి పుట్టింటికి పంపేద్దాం అన్నాడంట. తమ్ముడి మెట్టపొలం చెక్క మీద వాడి కన్ను. "మనిషి జాడే తెలీలేదు, కొన్నాళ్ళాగు బావా" అని నూకాలంటే, "పాటలో వచ్చింది, చాల్లేదా?" అన్నాడు.

అప్పుడు నూకాలు ఇన్ని బియ్యం పట్టుకుని పాటగాడి దగ్గరికెళ్ళి, నా మొగుడి గురించి బాగా పాడేవయ్యా, ఆయనతో మా బావ పైడయ్య కూడా వెళ్ళేడు, కనపడ్డాడా అనడిగింది. "కనపడకపోవడమేంటి తల్లీ! అన్నదమ్ములిద్దరూ ఒకే కెరటంలో పోయేరు. పెద్దాయన, పాపం, పెళ్ళాన్ని పిలుస్తూ పోయేడు." "అయితే పొద్దున్న పెద్దల ముందు అదీ పాడు నాయనా" అంది.

తెల్లారింది. గాజులు తీయించడానికి పెద్దలు కూచున్నారు, ముందు వరసలో పైడయ్య. పాటగాడు కళ్ళు మూసుకుని తీసేడయ్యా రాగం! పైడయ్య మునిగేడు, పైడయ్య తేలేడు, పైడయ్యని చేపలు పీకేయి. ముసలమ్మలు అలవాటుగా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పైడయ్య పెళ్ళాం "ఓలమ్మో" అని శోకం అందుకుని, సగంలో పక్కకి చూసి ఆగిపోయింది. "ఒరే, నేనిక్కడే ఉన్నాన్రా!" అని లేచేడు పైడయ్య. పాటగాడికి సిగ్గుందా? కళ్ళు తెరిచి, "ఊరికి దణ్ణం పెట్టుకుపోదామని వచ్చింది కాబోలు, ఆత్మ" అన్నాడంట.

నూకాలు లేచింది. "పాటలో వచ్చింది, చాల్లేదా? అక్క పెద్దకోడలు. ముందు ఆవిడ గాజులు తీయండి, తర్వాత నావి." తోటికోడలు చేతులు వెనక్కి దాచుకుని పైడయ్యని తిట్టిన తిట్లు నా నోటితో చెప్పను. పెద్దలు నవ్వాపుకోలేక లేచిపోయేరు. నూకాలు గాజుల జోలికి మళ్ళీ ఎవడూ రాలేదు.

ఎర్రయ్య వచ్చేడా అంటారా? వచ్చేడు, ఎడ్లూ బండీ పోగొట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ. నీళ్ళొచ్చేయి, చాలామంది పోయేరు, నేను గుట్టెక్కి బతికేను అన్నాడు. చూసొచ్చినోడి మాట అంతే ఉంటుంది. నూకాలు తప్ప ఊళ్ళో ఒక్కరూ కూచుని వినలేదంట, రాగం లేదు కదా! పాడినోడు కడుపుకోసం అబద్ధం పాడేడు, వాడికి బుద్ధి లేదు, సరే. మళ్ళీ పాడమన్నోళ్ళకేం రోగం?

ఏంటర్రా? పైడయ్య మునిగిన పాట ఒక్కసారి వినిపించమంటారా? ఛీ, లేవండి, ఇళ్ళకి పొండి.