ఎడమ గోల్‌పోస్టు

"'మీ వాళ్ళు మాతోనే వస్తారు. గోలు వెనక నిద్రపోతున్న ఒక్కరిని కూడా, ఒక్క పిడికెడు బూడిదను కూడా ఈ క్లబ్బు వదిలి వెళ్ళదు.' మూడో పేజీ! కింద చైర్మన్ రెడ్‌ఫర్న్ సంతకం! చివరి మ్యాచ్ రోజున డబ్బిచ్చి కొన్న పుస్తకం ఇది. ఉండండి, మళ్ళీ చదువుతాను."

"చదవకు నాయనా. మాకు నోటికొచ్చేసింది," అన్నాడు డెస్.

టానరీ లేన్ మొదట్లో గ్లెనిస్ టీ బండి ఇరవై ఆరేళ్ళుగా ఒకే చోట నిలబడి ఉంది. ఒకప్పుడు దానికి ఎదురుగా స్కెల్‌డేల్ టౌన్ క్లబ్బు గేటు ఉండేది. ఇప్పుడు ఆకుపచ్చ చెక్కల కంచె ఉంది. క్లబ్బు మే నెలలో ఊరు దాటి, ఆరు మైళ్ళ అవతల పెద్ద రోడ్డు పక్కన కట్టిన కొత్త స్టేడియానికి వెళ్ళిపోయింది. పాత మైదానాన్ని ఇళ్ళు కట్టేవాళ్ళు కొన్నారు. అయినా శనివారం మధ్యాహ్నమయ్యేసరికి కొంతమంది కాళ్ళు ఇటే నడుస్తాయి. వచ్చి, కంచె వంక చూస్తూ టీ తాగి వెళ్తారు.

బోర్లించిన పాల పెట్టె ఎక్కి నిలబడ్డవాడు కలమ్ థ్రెల్‌ఫాల్. ఇరవై నాలుగేళ్ళు. మైదానం కోసం జరిగిన ఊరేగింపులన్నిటికీ ముందు నడిచినవాడు. చదివిన ప్రతి పుస్తకంలోంచీ ఒక నినాదం వెంట తెచ్చుకున్నాడు.

"భూమి దున్నేవాడిదైతే మైదానం ఎవరిది? అరిచేవాడిది! ఆ మాట వాళ్ళ మొహం మీదే అన్నాను. అని ఊరుకున్నానా? మే రెండో తారీకు, ఆట ముగిసిన విజిల్ ఇంకా గాల్లోనే ఉంది, మొదట గోడ దూకింది నేను. నా వెనక ఊరు ఊరంతా దూకింది. ఎవడి చేతికి అందింది వాడు తీసుకుంటున్నాడు, కుర్చీ, గడ్డి పెళ్ళ, నంబరు రేకు. నేను మాత్రం తిన్నగా ఊరివైపు గోలు దగ్గరికి వెళ్ళి, ఎడమ పోస్టు రెండు చేతులా పట్టుకుని పీకాను. ఒక్క పీకుడు! ముల్లంగి దుంపలా వచ్చేసింది."

"ఒక్కడివే?" అంది గ్లెనిస్, చెంచా కడుగుతూ.

"ఒక్కణ్ణే. భుజాన పెట్టుకుని తిరిగి చూద్దును కదా, పసుపు కోట్ల కాపలావాళ్ళు ముప్ఫైమంది."

"ఒరేయ్, పోయిన శనివారం పన్నెండుమందన్నావు."

"పోయిన శనివారం వాన, డెస్. వానలో వెనక వరస కనిపించదు. ముప్ఫైమంది! పోస్టుతో ఒక్కసారి గిరుక్కున తిరిగాను. ముప్ఫైమందీ గడ్డి మీద వరసగా పడుకున్నారు. అప్పుడు పోలీసు గుర్రాలొచ్చాయి. పెద్దది, నల్లది, నా మడమ మీద తన్నింది చూడండి, ఆరు వారాలు కుంటుతూ నడిచాను, మీరంతా చూశారుగా! తన్నింది గాని, నా కళ్ళలోకి చూసి సిగ్గుపడి తల దించుకుంది. గుర్రం కూడా శ్రామికురాలే. దానికి తెలుసు ఎవరి పక్షాన ఉండాలో. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు, చెప్పు. బస్సుక్కూడా టైముంది," అన్నాడు డెస్. నలభై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎవరి మాటా నమ్మడు, ఎవరి మాటా మధ్యలో వదలడు.

"పోస్టు భుజాన వేసుకుని ఆరు మైళ్ళు నడిచాను. కొత్త స్టేడియానికి. పెద్ద రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి టోపీలు తీశారు. వంతెన దగ్గర ఏరు పొంగుతోంది, వంతెన మూసేశారు. పోస్టును అడ్డంగా పరిచాను. దాని మీదుగా నాలుగు వందలమంది దాటారు, పిల్లల బండ్లతో సహా."

"ఎనిమిదడుగుల పోస్టు మీద," అన్నాడు డెస్.

"ఏరు కూడా మన పక్షమే, దగ్గరికి జరిగింది. అక్కడికి వెళ్ళి, ఇంకా ఆరని సిమెంటులో ఈ పోస్టును దిగ్గొట్టాను. గుడ్‌గుడ్‌మని నేల లోపల్నుంచి ఒక చప్పుడు. తలెత్తి చూస్తే, ఎనిమిది కోట్ల పౌండ్ల స్టేడియం నాలుగంగుళాలు పక్కకి ఒరిగింది! ఇంజనీర్లు పరిగెత్తారు. మళ్ళీ కొలవాలి, మళ్ళీ గీయాలి, మళ్ళీ పొయ్యాలి. ఎనిమిది కోట్లనుకున్నది పదకొండు కోట్లయింది, పేపర్లో చదివారుగా? ఆ మూడు కోట్లు ఎందుకు పెరిగాయో ఏ పేపరూ రాయలేదు. ఇనుము ధర అన్నారు. ఇనుము కాదు, కలమ్! లండన్‌లో అప్పిచ్చిన బ్యాంకు ఆ పూట తలుపులు మూసుకుంది. మంత్రి ఫోన్ చేశాడు. 'బాబూ, పోస్టు తీసెయ్యి, నీకేం కావాలి?' అన్నాడు. లాభాలు మీవి, నష్టాలు మావి, ఈ లెక్క తిరగరాసేదాకా తియ్యనన్నాను."

"మంత్రి నిన్ను బాబూ అన్నాడా?"

"ఏడుస్తూ అన్నాడు."

బండి చుట్టూ ఉన్న అయిదారుగురూ నవ్వారు. మడత కుర్చీలో కూర్చున్న ఎనిడ్ హోల్‌రాయిడ్ నవ్వలేదు. రెండు చేతులా కప్పు పట్టుకుని కంచె వంక చూస్తోంది. ఆమె భర్త విల్ఫ్ యాభై రెండేళ్ళు ఆ గోలు వెనకే నిలబడి ఆట చూశాడు. చివరికి అక్కడి మట్టిలోనే కలిశాడు. స్కెల్‌డేల్‌లో అది ఆచారం. క్లబ్బు మనిషి పోతే, మైదానం చూసుకునే ఫ్రాంక్ గోలు వెనక ఒక గడ్డి పెళ్ళ లేపి, బూడిద పోసి, మళ్ళీ గడ్డి కప్పేవాడు. అలా రెండు వందల పద్నాలుగుమంది ఉన్నారు. ఫ్రాంక్ కూడా అక్కడే.

నవ్వులు వినగానే కలమ్‌కి ఊపు హెచ్చింది.

"అసలు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెబుతాను. రెడ్‌ఫర్న్ మాట తప్పుతాడని నాకు ముందే తెలుసు. పదకొండు కోట్ల ఖర్చు పట్టీ చదివాను. కుర్చీలకుంది, కార్లు నిలిపే చోటుకుంది, పెద్ద తెరకుంది. చచ్చిపోయినవాళ్ళను తరలించడానికి ఒక్క పెన్నీ లేదు! పెట్టుబడికి జ్ఞాపకం ఉండదు, మిత్రులారా! అందుకని ఆ పోస్టు పీకిన అయిదు నిమిషాల్లో, ఒక చేత్తో పార పట్టి, గోలు వెనక నేలంతా తవ్వేశాను. రెండు వందల పద్నాలుగు బిస్కెట్ డబ్బాల్లోకి ఎత్తాను. ప్రతి డబ్బా మీదా పేరు. ఒక్కరూ తారుమారు కాలేదు. అందరినీ భద్రంగా బయటికి తెచ్చేశాను!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. డెస్ కప్పులోకి చూసుకున్నాడు.

"విల్ఫ్‌ని కూడానా?" అంది ఎనిడ్.

కలమ్ ఆమె అక్కడుందన్న సంగతే మరిచిపోయాడు. నోరు మాత్రం ముందే నడిచింది. "విల్ఫ్ గారినే ముందు, మిసెస్ హోల్‌రాయిడ్."

ఆమె కప్పు కింద పెట్టింది. మొహంలోకి ఏదో వచ్చింది, అది చూసి గ్లెనిస్ అటు తిరిగిపోయింది. "ఎక్కడ పెట్టావు నాయనా? నేను ఇప్పుడే వస్తాను. చేతిసంచీ ఉంది."

పెట్టె మీద నిలబడ్డవాడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎక్కడ?" అంది మళ్ళీ.

"లేదు," అన్నాడు కలమ్. "తవ్వలేదు. ఊరికే... కథ కోసం అన్నాను."

ఎనిడ్ తల ఊపింది. చేతిసంచీ తెరిచి, డబ్బాకని కాక, నాలుగు మడతలు పెట్టిన కాయితం తీసింది. "క్లబ్బు నుంచి గురువారం వచ్చింది. కళ్ళద్దాలు తేలేదు. డెస్, చదువు."

డెస్ చదివాడు. "'స్మారక స్థలాలను గుర్తించే ఆధారం ఏదీ మిగలనందుకు చింతిస్తున్నాము. చివరి మ్యాచ్ రోజున గోల్‌పోస్టులను అభిమానులే పీకి తీసుకుపోయినందున కొలతలు తీయడం సాధ్యపడదు. పదో తారీకు సోమవారం పునాది పనులు మొదలవుతాయి.'"

"రాయి పాతనిచ్చేవాడు కాదు ఫ్రాంక్," అంది ఎనిడ్. "ఆటగాళ్ళ కాళ్ళకు తగులుతుందని. అందుకని అడుగులు నేర్పించేవాడు. ఎడమ పోస్టుకి వీపు ఆనించి నిలబడు, వల వైపు నాలుగడుగులు, ఎడమకి రెండు. విల్ఫ్ అక్కడ. ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క. రెండు వందల పద్నాలుగు లెక్కలూ ఒక్క పోస్టు నుంచే." కలమ్ వంక చూసింది. "అదెక్కడుంది?"

"మా అమ్మ దొడ్లో. చిక్కుడు తీగ పాకించింది."

"ఎంతమంది పీకారు?"

"పదకొండుమందిమి. నేను చిట్టచివరి కొస పట్టుకున్నాను."

"ముప్ఫైమంది కాపలావాళ్ళు?" అన్నాడు డెస్. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

"ఒకాయన. గేటు తెరిచి పట్టుకున్నాడు. 'జాగ్రత్త, కొస తగులుతుంది' అన్నాడు."

"మరే," అన్నాడు డెస్. "మనం పీకితే వాళ్ళకి పీకే ఖర్చు తప్పింది. పైగా ఈ ఉత్తరం రాయడానికి కారణం దొరికింది."

కలమ్ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. "చరిత్రను అమ్మకానికి పెట్టినవాళ్ళను చరిత్ర..."

"నాకు నినాదం వద్దు నాయనా," అంది ఎనిడ్. "నాకు ఆ గుంత కావాలి."

చెయ్యి కిందికి దిగింది. అతను కూడా పెట్టె మీంచి దిగాడు, కుడి మడమ మీద బరువు పడకుండా.

"గుంత ఉంది," అన్నాడు నెమ్మదిగా. "పోస్టు దిగే ఇనప గొట్టం ఇంకా నేలలోనే ఉండాలి. మోసుకెళ్తూ వెనక్కి అడుగేసి, అందులో కాలు దిగి పడ్డాను. మడమ అప్పుడే బెణికింది. గుర్రం కాదు. పడ్డప్పుడు తలెత్తి చూశాను, చర్మాల ఫ్యాక్టరీ పొగగొట్టం, చర్చి గంట గోపురం ఒకదాని వెనక ఒకటి ఒకే గీతలో ఉన్నాయి. రెండూ ఇంకా ఉన్నాయి. పైన ఇటుక పొడి పరిచారేమో గాని, ఆ గీత వెంట పారతో గీరితే గొట్టం తగులుతుంది, తీసుకెళ్తే నేను చూపించగలను."

"ఇన్ని శనివారాలు ఈ ముక్క చెప్పలేదేం?" అన్నాడు డెస్.

"పడ్డానని చెప్పుకోవాలిగా."

"ఇదే రెడ్‌ఫర్న్‌కి రాయి," అంటూ డెస్ తన పెన్ను తీసి ముందుకి చాపాడు. కలమ్ గ్లెనిస్ బల్ల మీద పుస్తకం పరిచాడు. మూడో పేజీలో, సంతకం కింద, ఖాళీగా ఉన్నచోట రాశాడు. మొదటి వాక్యం 'దోపిడీ శక్తుల' అని మొదలైంది. అతనే కొట్టేశాడు.

"నిద్రపోతున్నవాళ్ళు అని కూడా రాయకు," అంది ఆమె. "అది వాళ్ళ మాట. చచ్చిపోయాడు. బూడిదయ్యాడు. అలాగే రాయి."

రాయడం అయ్యాక పైకి చదివాడు. పెట్టె ఎక్కలేదు.

"'చైర్మన్ రెడ్‌ఫర్న్ గారికి. ఊరివైపు గోలు ఎడమ పోస్టు పీకినవాళ్ళలో నేనొకణ్ణి. తప్పు చేశాను. నా పేరు కలమ్ థ్రెల్‌ఫాల్. పోస్టు మా ఇంట్లో ఉంది, తెస్తాను. దాని గుంత ఎక్కడో చూపిస్తాను. అక్కణ్ణుంచి విల్ఫ్ హోల్‌రాయిడ్ బూడిద నాలుగడుగులు వెనక, రెండడుగులు ఎడమన ఉంది. మిగతా లెక్కలు వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో ఉన్నాయి, ఇల్లిల్లూ తిరిగి రాయించి తెస్తాం. మా పారలు మేమే తెచ్చుకుంటాం. మీకు ఒక్క పెన్నీ ఖర్చు లేదు. మాట మీరు మే రెండున ఇచ్చారు, ఈ పేజీలోనే పైన ఉంది. సోమవారం యంత్రాలు దిగితే ఇక ఎవరూ ఎవరినీ వెతకలేరు. గేటు తాళం తీస్తారా, తియ్యరా? రెండింట్లో ఒకటి రాసి పంపండి. మిసెస్ హోల్‌రాయిడ్ ఈ బండి దగ్గర కుర్చీ వేసుకుని ఉంటారు. ఆమె పక్కన నేనుంటాను. గడువు: శుక్రవారం, ఆగస్టు ఏడు, సాయంత్రం అయిదు గంటలు.'"