పేరు లేని సీడీ

ఆ తల్లి భయం ఒక్కటే, ఏడాది నిండిన కూతురి ఫోటోలన్నీ కంప్యూటర్‌లోంచి మాయమైపోతాయని. అరకులో ఫోటో స్టూడియో నడిపే ఆమె భర్త ఊరందరికీ ప్రింట్లు వేస్తాడు గానీ సొంత బిడ్డవి ఒక్కటీ వేయలేదు. ఆ రోజు విశాఖ నుంచి రైలు దిగి, ఒక సీడీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఒలే, బేగి రా! కంప్యూటర్ అప్‌డేట్లన్నీ ఒక్క సీడీలోనే! మన నెట్‌తోటి దిగాలంటే సంక్రాంతులు దాటిపోతాయి!"

"కంపెనీయే ఇచ్చినాదేటండీ?"

"కాదు, ఎవడో తెలివైనోడు అన్నీ కలిపి సేసినాడు."

"ఆడి పేరేటి? పాడైతే ఎవుణ్ణి అడుగుతారు?"

"నీకన్నీ అనుమానాలే!"

"మొన్న సంతలో కొన్న దగ్గుమందు, సీసా మీద పేరు లేదని మీరే పారబోసినారు. దీని మీదేటుంది?"

"...స్కెచ్‌పెన్ను రాత."

"ముందు గుంట ఫోటోలు వేరే సీడీలోకి ఎక్కించండి. తరవాత మీ ఇష్టం."

అతను సణుగుతూనే ఎక్కించాడు. తరువాత ఆ అప్‌డేట్ల సీడీ కంప్యూటర్‌లో పెట్టాడు. కంప్యూటర్ ఒకసారి ఆగి, మళ్లీ లేవలేదు.

"ఒలే, మొత్తం పోయినాదే!"

"ఫోటోల సీడీ టీవీ కింద ప్లేయర్‌లో పెట్టి సూడండి!"

"ఉన్నాదే! నవ్వుతన్నాది సూడు మన గుంట!"

"అమ్మయ్య! ఈ అప్‌డేట్ల సీడీ ఇంకెవరికైనా ఇచ్చినారా?"

"దారిలో బొర్రా స్టేషన్‌లో... రెండు కొన్నాను, ఒకటి మీ అన్నకి ఇచ్చినాను. ఫోను ఎత్తట్లేదు."

బొర్రా వైపు వెళ్లేవారుంటే, స్టేషన్ దగ్గర ఫోటోలు తీసే ఆమె అన్న దేవీప్రసాద్‌ని ఒకసారి చూడండి. ఆ సీడీ ఇంకా పెట్టలేదు కదా అని అడగండి.