సారు కూసొమ్మనేదాక

ఏందే మైత్రీ, ఫైనాన్స్ కంపెనీల నౌకరి కుదిరిందా? మంచిదే... మంచిదే గని, నా గుండెల దడ పుట్టిందే బిడ్డా. నవ్వకు. మీ కృపాకర్ చిన్నాయిన యాదికున్నడు గదా, మా తమ్ముని కొడుకు? గుండెపోటొచ్చి పోయిండని మీకు చెప్పినం. గంతవరకే చెప్పినం. గజ్వేల్ల గసొంటి కంపెనీలనే చేసెటోడు, బంగారం పెట్టుకొని అప్పులిచ్చేది. ఎంత హుషారు పోరడనుకున్నవ్! ముసలోళ్లొస్తె అవ్వా, బాపూ అని కుర్చేసి, మంచినీళ్లిచ్చి మాట్లాడెటోడు. జనం వాని మొఖం చూసే వచ్చేది. ఏం చెప్తున్న నేను... ఆఁ, సారు. హైద్రాబాద్ నుంచి కొత్త సారొచ్చిండు. వాని రివాజేందంటే, పొద్దుగాల ఫోన్ల వీడియో మీటింగు పెట్టాలె, టార్గెట్ కానోడు నిలవడాలె. సారు కూసొమ్మనేదాక కూసోవద్దు. "కృపాకర్, కాళ్లు గుంజుతున్నయా? గుంజనియ్, అప్పుడే పని యాదికొస్తది!" అందరు వినంగనే అనెటోడట. ఇగ గప్పటి సంది పోరడు వశం తప్పిండు. గిరాకితోని మాట్లాడుతుంటే చూపంత ఫోన్ మీదనే. భయంతోని పని నడుస్తదా, నువ్వే చెప్పు? తప్పులు పడ్డయి. తప్పులు పడితే ఇంకింత నిలవడుడు. ఇంట్ల అన్నం తింటుంటే ఫోన్ మోగితే ఎంగిలి చెయ్యితోనే తటాన లేచెటోడు. వాని పెండ్లాం శ్రీవాణి పాస్టరుతోని ప్రార్థన చేపిచ్చింది. నా దగ్గరికొచ్చి "మామా, మానెయ్యమని మీరన్న చెప్పున్రి" అని ఏడ్చింది. చెప్పిన. "మానేసి యాడికి పోను పెద్దబాపూ" అన్నడు.

కరోనా అచ్చినంక మీటింగులు ఇంట్లకెళ్లే ఆయె. ఆ పొద్దు నేను ఆడనే చాయ్ తాగుతున్న. వాడు ఫోన్ అల్మారకు ఆనిచ్చి ముంగట నిలవడ్డడు. మొఖమంత చెమట. ఛాతి పట్టుకున్నడు. కూసోరా అన్న. వద్దని చెయ్యూపిండు. కూసోరా కొడుకా అని రెక్క పట్టి గుంజిన. "సారు చూస్తుండు పెద్దబాపూ" అన్నడు, మెల్లగ. గదే బిడ్డా, వాని నోట్లకెళ్లి నేనిన్న ఆఖరి మాట. గట్లనే గోడ వెంబడి జారిండు. ఫోన్లకెళ్లి సారు గొంతు, "కృపాకర్, నిన్నెవరు కూసొమ్మన్నరు?"

దవాఖానకు కొంచవోయినం. ఏం లాభం... నాకిప్పటికి గా గొంతు చెవుల్ల ఇనవడుతనే ఉంటది.

ఏందది, నీ ఫోనేనా? కంపెనోళ్లా? ఎత్తు మరి, ఎత్తు. అరే, ఎందుకు లేస్తున్నవ్... కూసోనే మాట్లాడు బిడ్డా. కూసోనే.